చెవితో విప్పిన గేరుబాక్సు

బోనెట్ మీద అరచెయ్యి ఆనించి, ఒక్క క్షణం ఉంచి తీసేశాడు మేస్త్రి. తలుపు తీయలేదు, కిందికి వంగలేదు, టైరు తన్ని చూడలేదు. అమ్మే ఆయనతో ఒడియాలో రెండు ముక్కలు మాట్లాడి మా వైపు తిరిగాడు. "పదండి బాబూ, రేపొద్దున్నే వద్దాం" అన్నాడు. మా అన్నయ్యకు ఏమీ పాలుపోలేదు. కవిటి నుంచి పని మానుకుని వచ్చింది ఆ జీపు కోసమే. దారిలో అడిగితే మేస్త్రి చెప్పాడు: "బండి ఏడిగున్నాది బాబూ. మనం రాకముందే తిప్పి పెట్టినారు. సల్లగున్నప్పుడు రింగులు దొరుకుతాయి, ఏడెక్కినాక బేరింగులు దొరుకుతాయి. రెండూ సూడాల. ఈయాల ఒకటి ఎల్లిపోనాది."

ఆ మాట నాకు మర్నాటికి గానీ పూర్తిగా అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఆ పనితనం గురించి నలుగురికీ చెప్పాలనిపించింది.

పాత ఫోర్‌వీల్ బండి కొనేటప్పుడు మనం చూసేవి రంగు, టైర్లు, సైలెన్సర్ పొగ. గేరుబాక్సూ క్లచ్చూ ఇనప డొక్కలో ఉంటాయి, కంటికి ఆనవు. విప్పి చూపించమంటే ఏ అమ్మకందారూ ఒప్పుకోడు. విప్పకుండానే లోపల ఏ ముక్క అరిగిందో చెప్పాలి. ఇచ్ఛాపురం హైవే పక్కన రేకుల షెడ్డులో పనిచేసే ఈ మేస్త్రి ఆ పని చేసే తీరు ఒక్కటే. అనుమానమున్న ముక్క ఒక్కటే కదిలేలా, లేదా అదొక్కటే ఆగేలా చేసి చెవి పెడతాడు. డజను ముక్కలు ఒకేసారి మోగుతుంటే ఎవరి చెవికీ ఏదీ తెలియదు. ఒక్కొక్కదాన్ని విడదీసి వినడమే ఆయన విద్య.

ఆయన దగ్గరికి వచ్చే బళ్లూ రకరకాలు. ఇచ్ఛాపురం ఆంధ్రప్రదేశ్‌కు ఒడిశా వైపు చివరి పట్టణం. ఒడిశాలోని బరంపురం అక్కడికి సుమారు పాతిక కిలోమీటర్లు. అటు బళ్లు ఇటు, ఇటు బళ్లు అటు చేతులు మారుతూనే ఉంటాయి. 1940ల చివర బొంబాయిలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టినప్పటి వంశంలోని పాత జీపులు, 1985లో వచ్చిన జిప్సీలు, 2010 నాటి థార్‌లు అన్నీ ఈ షెడ్డు ముందు ఆగుతాయి. బండి ఎక్కడ బతికిందో దాని రోగమే చెబుతుందంటాడు ఆయన. ఉద్దానం తోటల ఇసుక దారుల్లో తిరిగినది క్లచ్ ప్లేటు పోగొట్టుకుంటుంది. టెక్కలి గ్రానైటు క్వారీల్లో పనిచేసినదానికి ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులూ గేరు పళ్లూ దెబ్బతింటాయి. నౌపడ ఉప్పు కొఠార్ల వైపు నుంచి వస్తే ఛాసిస్ తుప్పు తింటుంది. మందస నుంచి మహేంద్రగిరి అంచులకు ఎక్కీ దిగీ వచ్చినదానికి రెండో గేరు అరుగుతుంది. కొండ దిగే డ్రైవరు చెయ్యి మాటిమాటికీ వెళ్లేది రెండో గేరుకే కదా.

మర్నాడు ఆరింటికి వెళ్లేసరికి బోనెట్ మీద మంచు తడి ఆరలేదు. మేస్త్రి ముఖం విప్పారింది. అయినా ఇంజిను స్టార్టు చెయ్యలేదు. తలుపు తెరిచి, నేల మీద మోకాలు వేసి, క్లచ్ పెడల్‌ను చేత్తో నొక్కాడు. కాలికి తెలియనిది చేతికి తెలుస్తుందట. మొదట కొంత దూరం పెడల్ ఖాళీగా దిగాలి. రాడ్డుతోనో కేబుల్‌తోనో నడిచే క్లచ్‌లో ఆ ఖాళీ వేలి మందం కంటే కాస్త ఎక్కువ, ఇరవై పాతిక మిల్లీమీటర్లు ఉంటే మంచిది. అసలు లేకపోతే రిలీజ్ బేరింగు ఎప్పుడూ ప్రెషర్ ప్లేటు వేళ్లను ఒరుసుకుంటూ తిరిగి, తానూ అరుగుతుంది, క్లచ్‌నీ జారనిస్తుంది. ఖాళీ సరిగానే ఉంది. అక్కడితో నేనైతే లేచిపోయేవాణ్ణి. ఆయన బండి కిందికి దూరి సర్దుబాటు రాడ్డు మర చూశాడు. నట్టు మర చివరికంటా వచ్చేసింది. ప్లేటు అరిగిన కొద్దీ నట్టు తిప్పి ఖాళీ సర్దుతారు. ఇక తిప్పడానికి మర మిగల్లేదంటే ప్లేటు ఆఖరి రోజుల్లో ఉందనే లెక్క. పెడల్ చెప్పని సంగతి ఆ మర చెప్పింది. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న బళ్లలో చాలావాటికి ఈ ఆనవాలు దొరకదు, అరుగుదలను ఆయిలే తనంతట తాను సర్దుకుంటుంది. అక్కడ వేరే పరీక్షలే గతి.

అప్పుడు స్టార్టు చేయించాడు. న్యూట్రల్‌లో, క్లచ్ మీద కాలు లేకుండా. తన చెవి గేరు రాడ్డు పక్కన పెట్టాడు.

ఈ ఘట్టాన్ని నెమ్మదిగా చెప్పాలి. న్యూట్రల్‌లో కాలు తీసి ఉంటే ఇంజినుతోపాటు గేరుబాక్సులో ఇన్‌పుట్ షాఫ్టు తిరుగుతుంది, దాని పళ్లతో కలిసి కింది కౌంటర్ షాఫ్టూ తిరుగుతుంది. బండి ఆగే ఉంది కాబట్టి మెయిన్ షాఫ్టు కదలదు. కనక ఇప్పుడు వినిపించే గరగర ఏదైనా ఆ రెండు షాఫ్టుల బేరింగులది కావాలి. ఇక కాలిని పెడల్ మీద కేవలం ఆనించి, ఖాళీ దాటేంతవరకే నొక్కాలి. అంతదాకా లేని కీచుమనే శబ్దం అప్పుడు పుడితే అది రిలీజ్ బేరింగు. దాని మీద బరువు పడింది ఆ క్షణంలోనే. ఇంకా నొక్కి పెడల్‌ను పూర్తిగా కిందికి దించితే ఇన్‌పుట్ షాఫ్టు ఇంజిను నుంచి విడిపోయి నెమ్మదిస్తుంది. మొదట విన్న గరగర ఇక్కడ ఆగిపోతే దొంగ గేరుబాక్సులోనే ఉన్నాడని రుజువు. అదే సమయంలో కొత్త శబ్దం మొదలైతే ఫ్లైవీల్ నడుమ కూర్చునే పైలట్ బేరింగుది. ఇంజిను తిరుగుతూ, ఇన్‌పుట్ షాఫ్టు ఆగిపోతేనే ఆ చిన్న బేరింగుకు పని. కాలు పైనున్నప్పుడు రెండూ కలిసే తిరుగుతాయి కాబట్టి అది నోరు విప్పదు.

ఒక్క పెడల్, మూడు చోట్లు, నాలుగు బేరింగులు. స్పానరు పట్టలేదు. మా జీపులో పెడల్ ఆనించగానే సన్నగా, చిమ్మట అరిచినట్టు ఒక కూత వచ్చింది. నొక్కితే పెరిగింది, వదిలితే పోయింది. మేస్త్రి మూడుసార్లు చేయించి, "రిలీజు బేరింగు. మిగతావి పలకలేదు. సల్లగున్నాది కదా, మళ్లీ ఇందాం" అన్నాడు.

తర్వాత రివర్సు. చాలా పాత గేరుబాక్సుల్లో రివర్సుకు సింక్రో రింగు, అంటే గేరు పడేముందు వేగాలను కలిపే రింగు, ఉండదు. పెడల్ పూర్తిగా తొక్కి, నాలుగంకెలు లెక్కపెట్టి, అప్పుడు వేయాలి. ఆ వ్యవధిలో లోపలి షాఫ్టు ఆగిపోవాలి. ఆగితే రివర్సు మెత్తగా పడుతుంది. ఎంతసేపు ఆగినా గర్రుమంటుంటే క్లచ్ పూర్తిగా విడివడటం లేదన్న మాట. సింక్రో తప్పు, క్లచ్ తప్పు ఒకదాన్ని చూసి ఒకటనుకోవడం ఇక్కడే జరుగుతుంది. క్లచ్ విడకపోతే నిలబడ్డ బండిలో ఫస్టుకీ రివర్సుకీ కూడా గొడవే. సింక్రో అరిగితే గొడవ ఒక్క గేరుకే, అదీ బండి నడుస్తున్నప్పుడు. ఈ తేడా తెలియక క్లచ్ ప్లేటు మారిస్తే పోయేదానికి గేరుబాక్సంతా విప్పించుకున్నవాళ్లున్నారు. మా జీపు రివర్సు మెత్తగా పడింది.

జారుడు పరీక్ష ఒక్కసారే చేయించాడు. హ్యాండ్ బ్రేకు బిగించి, మూడో గేరు వేసి, కొంచెం యాక్సిలరేటరు ఇచ్చి క్లచ్ వదలమన్నాడు. ఇంజిను వెంటనే ఊపిరి పట్టి ఆగిపోవాలి. ఆగకుండా గునుస్తూ తిరుగుతుంటే ప్లేటు జారుతున్నట్టు. మాది ఆగింది గానీ వెంటనే ఆగలేదు. అన్నయ్య రెండోసారి చేస్తానంటే మేస్త్రి ఆయన చెయ్యి పట్టుకున్నాడు: "వద్దు బాబూ. ఇది పరీచ్చ కాదు, కాల్చడం." అప్పటికే క్లచ్‌ను మూసి ఉంచే బెల్ హౌసింగు దగ్గర మాడిన వాసన సన్నగా వచ్చింది.

ఇప్పుడు రింగుల సంగతి. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కట్టిపడేసింది ఇదే. మేస్త్రి తన షెడ్డు నుంచి వెంట తెచ్చిన పాత ఇత్తడి రింగు ఒకటి నా అరచేతిలో పెట్టాడు. చిన్నపిల్ల గాజంత ఉంది, బరువుగా ఉంది. లోపలి వైపు ఏటవాలుగా, గోటితో గీస్తే తగిలేంత సన్నని గాట్లు. బయట అంచు చుట్టూ చిన్న పళ్లు, ఒక్కో పన్ను కొసా గుడి కప్పులా రెండు వైపులకూ వాలి ఉంది.

గేరు మార్చడమంటే వేర్వేరు వేగాలతో తిరిగే రెండు ముక్కల్ని కలపడం. 1928లో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ రాకముందు ఆ వేగాలను కలిపే బాధ్యత డ్రైవరుదే. మన పాత లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ కొట్టేది అందుకే. ఈ రింగు ఆ బాధ్యతను తన మీద వేసుకుంది. మనం రాడ్డు తోయగానే రింగు వెళ్లి గేరు కోను మీద బిగుసుకుంటుంది. లోపలి గాట్లు ఆయిలు పొరను కోసేసి ఇత్తడి ఇనుముకు నేరుగా తగిలేలా చేస్తాయి. రాపిడితో వేగాలు దగ్గర పడుతుంటాయి. ఈలోగా రింగు సగం పన్నంత పక్కకు తిరిగి, తన వాలు పళ్లతో, గేరును షాఫ్టుకు కలిపే స్లీవుకు అడ్డంగా నిలబడుతుంది. ఎంత తోసినా దారివ్వదు. పెళ్లి పీటల మీద ముహూర్తం దాకా అడ్డుతెర పట్టినట్టే. రెండు వేగాలూ ఒకటైన క్షణంలో రాపిడి బలం పోతుంది, అడ్డూ దానంతటదే తొలగుతుంది, స్లీవు జారి లోపలికి కూర్చుంటుంది. ఇదంతా మనం గేరు రాడ్డు లాగినంతసేపట్లో జరిగిపోతుంది. తీగ లేదు, స్ప్రింగుల యంత్రాంగం పెద్దగా లేదు. లోహానికి ఇచ్చిన ఆకారంలోనే ఆ తెలివంతా ఉంది. ఇంత అందమైన ముక్క బండి మొత్తంలో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

గాట్ల కొసలు అరిగి చదునైతే ఆయిలు తెగదు, పట్టు దొరకదు, తెర ముందే లేచిపోతుంది. అదే రెండో గేరులో వినిపించే కర్రుమనే శబ్దం. రింగును కోను మీద నొక్కినప్పుడు దాని అంచుకూ గేరు పళ్లకూ మధ్య ఉండే సందు దాని వయసు చెబుతుంది. కొత్తలో ఇంచుమించు ఒక మిల్లీమీటరు, అర మిల్లీమీటరుకు దిగితే మార్చాల్సిందే. ఆ సందు విప్పితే గానీ కొలవలేం. విప్పకుండా కొలవడానికి మేస్త్రి చేసింది ఇది: బండి ఇంకా చల్లగా ఉండగానే రోడ్డెక్కించి, మూడో గేరు నుంచి రెండోకి దించమన్నాడు. ముందు మామూలుగా, తర్వాత ఇంకాస్త వేగం మీద, ఆ తర్వాత కొంచెం తొందరగా. మొదటిసారి పడింది. రెండోసారి రాడ్డు కొంచెం మొండికేసింది. మూడోసారి కర్రుమంది. "అరిగినాది గాని సావలేదు" అన్నాడు. మంచి రింగు ఎప్పుడూ అనదు, చచ్చిన రింగు ప్రతిసారీ అంటుంది. ఇది నడుమ ఉంది. చల్లటి చిక్కటి ఆయిల్లో ఆ తేడా బాగా బయటపడుతుంది. నిన్న వేడి బండి మీద అయితే ఈ రెండో మెట్టు మాకు దొరికేది కాదు.

పాతిక నిమిషాలు తిరిగి గేరుబాక్సు వేడెక్కాక, పల్చబడ్డ ఆయిల్లో బేరింగుల్ని మళ్లీ విన్నాడు. ఒకటి, రెండు, మూడు గేర్లలో సన్నటి రొద ఉంది, నాలుగులో లేదు. నాలుగు స్పీడ్ల బాక్సులో నాలుగో గేరంటే ఇన్‌పుట్ షాఫ్టూ మెయిన్ షాఫ్టూ నేరుగా కలిసిపోవడం. బరువు కౌంటర్ షాఫ్టు మీద పడదు. కింది గేర్లలో మోగి నాలుగులో మానిందంటే మోగేది కౌంటర్ షాఫ్టు వైపే. బరువు పడితేనే వస్తోంది, ఊరికే తిరిగితే రావడం లేదు. అందుకే పొద్దున్న వినపడలేదు. అది మొదలు మాత్రమేనన్నాడు.

గేరు ఊడటం కోసం ఇంకో పరీక్ష. ఒక్కో గేరులో గట్టిగా యాక్సిలరేటరు తొక్కి ఠక్కున వదలాలి, చెయ్యి గేరు రాడ్డు మీద ఉండకూడదు. తొక్కినప్పుడు ఇంజిను చక్రాల్ని తోస్తుంది, వదిలితే చక్రాలు ఇంజినును తోస్తాయి. బరువు పంటి ఒక చెంప నుంచి ఇంకో చెంపకు మారుతుంది. కొత్త పళ్లకు స్లీవును లోపలికి లాగి పట్టే చిన్న వెనక వాలు ఉంటుంది. అది అరిగితే స్లీవు బయటికి జారి రాడ్డు న్యూట్రల్‌లోకి దూకుతుంది. అలవాటుగా రాడ్డు మీద చెయ్యి వేసుకుని నడిపే అమ్మకందారును మేస్త్రి మర్యాదగా పక్క సీట్లోకి మార్చింది ఇందుకే. మా బండిలో రాడ్డు వణికింది, దూకలేదు.

ఫోర్‌వీల్‌ను హైవే మీద పరీక్షించనివ్వలేదు, డొంకూరు ఒడ్డున ఇసుకలోకి దించాడు. ఈ పాత బళ్లలో ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. తారు రోడ్డు మీద మలుపు తిరిగితే ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనకవి తక్కువ దూరం వెళ్లాలి. జారే చోటు లేక ఆ తేడా షాఫ్టుల్లో మెలిపడి ఫోర్‌వీల్ లివరు ఇరుక్కుపోతుంది. ఇసుక ఆ మెలిని వదిలించేస్తుంది. ముందుగా కిందికి వంగి, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు అసలుందో లేదో చూడమన్నాడు. పైకి అదే రూపంతో టూవీల్ జీపులెన్నో వచ్చాయి. లివరు కనపడినంత మాత్రాన ఫోర్‌వీల్ అయిపోదు.

లో రేంజిలో ఫస్టు వేసి కాళ్లు రెండూ తీసేయమన్నాడు. జీపు ఇసుకలో ముసలాయన నడకలా, ఆగకుండా సాగింది. పాత విల్లీస్ సీజే-3బీ లెక్క చెప్తాను. ఫస్టు గేరు 2.798, లో రేంజి 2.46, ఇరుసు 5.38. మూడూ హెచ్చవేస్తే ఇంచుమించు 37. ఇంజిను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. ఆ బలం చేతిలో ఉండగా క్లచ్‌ను సగం తొక్కి జార్చాల్సిన పనే లేదు. కానీ చాలామంది లో లివరు ముట్టుకోరు, హైలోనే ఇసుకలో క్లచ్ మీద బండిని వేలాడదీస్తారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఈ జీపు తోటల్లో కూలిన కొబ్బరిచెట్లు లాగిందని అమ్మే ఆయన గొప్పగా చెప్పాడు. మేస్త్రి లో లివరు తోసి చూశాడు, కొత్తదానిలా బిగువుగా ఉంది. "అన్ని సెట్లూ హైలోనే లాగినారు" అన్నాడు నాతో మెల్లగా. క్లచ్ రాడ్డు మర చివరికి ఎందుకొచ్చిందో ఆ బిగువు లివరు చెప్పేసింది.

ఆఖర్న ఆయిలు. గేరుబాక్సు పక్క ప్లగ్గు విప్పి చిటికెనవేలు ముంచి, ఆ వేలిని ఎండలో తిప్పాడు. మంచి గేరాయిలు తేనె రంగులో ఉంటుంది. పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు. వేడి గేరుబాక్సుతో ఏట్లో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని బ్రీదరు, సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. బంగారు రజను తేలితే రింగులు, ఇనుప పొలుసులు తగిలితే పళ్లో బేరింగులో. ఆయన వేలి మీద బంగారు మెరుపు సన్నగా ఉంది, పొలుసులు లేవు. ఆయిలు మామూలు కంటే చిక్కగా లేదని కూడా వేళ్ల మధ్య సాగదీసి చూశాడు. రొద దాచడానికి చిక్కటి ఆయిలు పోసేవాళ్లుంటారు. రింగులున్న బాక్సులో ఇరుసు ఆయిలు పోయడం ఆయనకు ససేమిరా ఇష్టం లేదు. జీఎల్-5 రకం ఆయిళ్లలో కొన్నింటి గంధకం ఇత్తడిని తింటుంది. బండి తయారీదారు జీఎల్-4 అని రాస్తే జీఎల్-4 పోయాలి.

తీర్పు ఇలా చెప్పాడు: క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మార్చాలి. రెండో గేరు రింగు మార్చాలి. కౌంటర్ షాఫ్టు బేరింగు ఎలాగూ విప్పుతాం కాబట్టి మార్చేద్దాం. పళ్లు బాగున్నాయి. రోడ్డెక్కించినప్పుడు బండి కదలబోతూ వణికింది కదా, ఆ వణుకు ప్లేటు మీద ఆయిలు పడ్డందువల్ల. ఈ ఖర్చు ధరలో తగ్గిస్తే కొనండి, లేకపోతే వదిలేయండి. తగ్గించారు, కొన్నాం. ఒడిశా రిజిస్ట్రేషన్ కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వలేదు.

విప్పిన రోజు నేనూ వెళ్లాను. రింగు సందులో ఫీలర్ గేజి అర మిల్లీమీటరు రేకు దూరలేదు. క్లచ్ ప్లేటు రివెట్లు లైనింగుతో దాదాపు సమమయ్యాయి. కౌంటర్ షాఫ్టు బేరింగు చేత్తో తిప్పితే ఇసుక పోసినట్టు పలికింది. పళ్లు నిజంగానే బాగున్నాయి. ఒక్కటి తప్పింది: ప్లేటు మీద ఆయిలు చుక్క లేదు. వణుకుకు కారణం గేరుబాక్సు కింది మౌంటింగు రబ్బరు చీలడం. మేస్త్రి ఆ రబ్బరును చాలాసేపు చూశాడు. "కింద దూరినప్పుడే దీన్ని ఊపి సూడాల్సింది బాబూ" అన్నాడు. ఆ తర్వాత ఆయన చూసిన ప్రతి బండికీ ముందు ఆ రబ్బరు ఊపుతున్నాడు.

పాత ఫోర్‌వీల్ బండి కొనబోయేవారికి నా మనవి ఒకటే. మంచి మేస్త్రిని వెంట తీసుకెళ్లండి, ఆయన సమయానికి సొమ్ము ఇవ్వండి. వెళ్లే ముందు రోజు అమ్మే ఆయనకు ఫోను చేసి, మేము వచ్చేదాకా ఇంజిను స్టార్టు చెయ్యవద్దని చెప్పండి. వెళ్లాక ముందు బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మర్నాడు వెళ్లండి.